హిమేజీ కోటను తీరిగ్గా చూసి రావడం ఎలా

జపాన్ వెళ్తున్నారు, ఒక్క కోటైనా చూడాలనుకుంటున్నారు. అలాంటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఏ కోట అన్నది. బయటి నుంచి చూస్తే అన్నీ పాతవిలాగే ఉంటాయి గానీ లోపల తేడా చాలా ఉంది. ఒసాకా కోటలో ఇప్పుడున్న ప్రధాన భవనం 1931లో కాంక్రీటుతో కట్టింది. లోపల లిఫ్టు, మ్యూజియం ఉంటాయి. నగోయా కోట 1945 బాంబు దాడిలో కాలిపోయింది. 1959లో దాన్ని కాంక్రీటుతో మళ్ళీ కట్టారు, కానీ 2018 నుంచి ఆ ప్రధాన భవనంలోకి సందర్శకులను పంపడం లేదు. సమురాయ్‌ల కాలం నాటి చెక్క ప్రధాన భవనం ఇప్పటికీ నిలబడి ఉన్న కోటలు దేశం మొత్తంలో 12 మాత్రమే. వాటిలో అన్నిటికంటే పెద్దది హిమేజీ. ఒక్క కోటకే టైం ఉందంటే హిమేజీకే వెళ్ళమంటాను.

చాలామంది ఇక్కడ టికెట్ కొని, గబగబా ఆరో అంతస్తు దాకా ఎక్కి, కిటికీలోంచి నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోతారు. ఆ పై అంతస్తులో ఉన్నది ఒక చిన్న గది, దాంట్లో ఒక గుడి. అంతే. ఈ కోటలో అసలు చూడాల్సింది అక్కడికి తీసుకెళ్ళే దారి, నాలుగు వందల ఏళ్ళుగా ఈ చెక్కనీ సున్నాన్నీ కాపాడుకొస్తున్న పనితనం. ఆ రెండూ కంటబడేలా ఎలా తిరగాలో వరుసగా చెబుతాను.

ముందుగా కొంచెం చరిత్ర

ఇది రైల్లో వెళ్తూ చదువుకున్నా సరిపోతుంది, కానీ చదవకుండా వెళ్ళకండి. కథ తెలియకపోతే అన్ని గోడలూ ఒకేలా కనిపిస్తాయి.

హిమేయామా అనే చిన్న గుట్ట మీద 14వ శతాబ్దంలో అకామత్సు వంశం వాళ్ళు మొదటి కోట కట్టారు. 1580 ప్రాంతంలో ఇది, తర్వాత జపాన్‌ను ఏకం చేసిన సేనాని హిదెయోషి చేతికి వచ్చింది. ఆయన ఇక్కడ మూడంతస్తుల తెన్షు కట్టించాడు. కోట నడుమ అన్నిటికంటే ఎత్తుగా ఉండే భవనాన్ని తెన్షు అంటారు. 1600లో సెకిగహారా యుద్ధం గెలిచి దేశం మీద పట్టు సాధించిన తొకుగావా ఇయెయాసు ఈ కోటను తన అల్లుడు ఇకేదా తెరుమసాకు ఇచ్చాడు. ఇప్పుడు మనం చూసే తెన్షు ఆ అల్లుడు 1601 నుంచి 1609 దాకా కట్టించినదే. తర్వాత వచ్చిన హోందా వంశం పడమటి ఆవరణను చేర్చింది. ఇంత పకడ్బందీగా కట్టిన ఈ తెన్షు మీదికి ఏ శత్రుసైన్యమూ ఎక్కి రాలేదు.

అసలు గండాలు యుద్ధాలు పోయాకే వచ్చాయి. 1871లో సంస్థానాలు రద్దయ్యాక కోటలు ఎవరికీ అక్కర్లేని బరువులయ్యాయి. హిమేజీ కోటను వేలంలో 23 యెన్ల 50 సెన్లకు (యెన్‌కు వంద సెన్లు) అమ్మేశారని, కొన్నాయన కూల్చే ఖర్చు చూసి వెనక్కి తగ్గాడని చెబుతారు. ఆ రోజుల్లో సైన్యంలో కర్నల్‌గా ఉన్న నకామురా షిగెతో ఈ కోటను నిలబెట్టాలని ప్రభుత్వానికి గట్టిగా విన్నవించాడు. 1945 జూలైలో హిమేజీ ఊరు బాంబులకు తగలబడింది. తెల్లని కోట గుర్తుపట్టేలా ఉంటుందని అప్పటికే దాని మీద నల్లరంగు వలలు కప్పి ఉంచారు. పై అంతస్తు మీద పడ్డ నిప్పుబాంబు పేలలేదు. చుట్టూ ఊరు బూడిదైంది, కోట మిగిలింది.

ఆ తర్వాత రెండు పెద్ద మరమ్మతులు జరిగాయి. మొదటిది 1956 నుంచి 1964 దాకా. తెన్షును చెక్క చెక్కగా విప్పి, దాని బరువుకు కుంగిపోయిన పునాదిని కాంక్రీటుతో గట్టిపరిచి, మళ్ళీ పేర్చారు. రెండోది 2009 నుంచి 2015 దాకా. పైకప్పు పెంకులు దించి మళ్ళీ పరిచారు, గోడలకు సున్నం పూత కొత్తగా వేశారు. ఆ పని జరుగుతున్నప్పుడు తెన్షు మొత్తాన్ని ఒక పెద్ద షెడ్డులో మూసేశారు. కానీ జనాన్ని దూరంగా పెట్టలేదు. ఆ షెడ్డులోనే లిఫ్టు పెట్టి, పనివాళ్ళు పెంకులు పరుస్తుంటే దగ్గర నుంచి చూసే ఏర్పాటు చేశారు. మరమ్మతును కూడా చూడదగ్గ విషయంగా మార్చిన ఈ ఆలోచన నాకు కోట అందం కంటే ఎక్కువ నచ్చింది.

రోజు, సమయం ఎంచుకోండి

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో సకురా (చెర్రీ) పూలు. కోట ఆవరణలో దాదాపు 1000 చెట్లున్నాయి. చూడటానికి కన్నులపండుగే గానీ క్యూలు కూడా అలాగే ఉంటాయి. ఏప్రిల్ చివర నుంచి మే 5 దాకా జపాన్ వాళ్ళకు వరుస సెలవులు. రద్దీ మరీ ఎక్కువైన రోజుల్లో తెన్షులోకి నంబరు చీటీలిచ్చి పంపుతారు. పూల కోసమే రాకపోతే నవంబర్ రెండో సగం మంచిది: ఆకులు ఎర్రబడతాయి, ఎండ ఉండదు, రద్దీ కూడా తట్టుకునేంతే. ఆగస్టులో ఎండ, ఉక్కపోత మన కోస్తా ఊళ్ళకేమీ తీసిపోవు. తెన్షులో ఏసీ లేదు. జనవరి, ఫిబ్రవరిల్లో జనం తక్కువ, కానీ చెప్పులు విప్పి చల్లని చెక్క నేల మీద నడవాలి కాబట్టి దళసరి సాక్సులు తప్పనిసరి.

కోట ఉదయం 9కి తెరుస్తారు, మామూలు రోజుల్లో సాయంత్రం 5కి మూస్తారు. లోపలికి మాత్రం 4 గంటల దాకానే పంపుతారు. వేసవిలో కొంత పెంచుతారు. డిసెంబర్ 29, 30 తేదీల్లో సెలవు. 9 గంటలకల్లా గేటు దగ్గర ఉండేలా చూసుకోండి. టూరిస్టు బస్సులు పది దాటాక ఒకదాని వెనక ఒకటి దిగుతాయి.

హిమేజీ చేరుకోవడం

ఒసాకా స్టేషన్ నుంచి జేఆర్ రైల్వే కంపెనీ వారి షింకైసొకు రైలు ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా చేరతారు. ఇది ఎక్స్‌ప్రెస్ లాంటిదే అయినా మామూలు టికెట్ చాలు, వైపుకు సుమారు 1500 యెన్లు. కోబేలోని సన్నోమియా నుంచి 40 నిమిషాలు. షింకాన్సెన్ (బుల్లెట్ రైలు) అయితే షిన్-ఒసాకా నుంచి అరగంటే, కానీ ఛార్జీ రెట్టింపు దాటుతుంది. ఒసాకాలో బస చేస్తున్నవాళ్ళు షింకైసొకులో వెళ్తే చాలు. టోక్యో నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే మాత్రం షింకాన్సెన్ తప్పదు, అది కూడా వైపుకు సుమారు మూడు గంటలు. షింకాన్సెన్లలో వేగంగా పోయే నోజోమి రైళ్ళన్నీ హిమేజీలో ఆగవు, టికెట్ కొనేటప్పుడు చూసుకోండి.

స్టేషన్‌లో దిగగానే సామాను లాకర్లో పెట్టేయండి. సూట్‌కేసుతో ఆ మెట్లు ఎక్కలేరు.

ఉత్తరం వైపు బయటికి వస్తే ఎదురుగా తిన్నగా ఒక వెడల్పాటి రోడ్డు, దాని చివర కోట. పేరు ఓతెమాయె వీధి. బస్సులున్నాయి గానీ నడవండి, 15 నుంచి 20 నిమిషాలే. వాన పడుతుంటే, ఎండ మండుతుంటే ఆ రోడ్డుకు పక్కనే మియుకి వీధి బజారు ఉంది, పొడవునా పైకప్పు ఉంటుంది. వెళ్ళేటప్పుడే ఒక నీళ్ళ సీసా కొనుక్కోండి.

టికెట్‌కు ముందున్న మైదానం

సకురామోన్ వంతెన మీదుగా కందకం దాటి, ఓతె ద్వారంలోంచి వెళ్తే పెద్ద పచ్చిక మైదానం వస్తుంది. ఇది సన్నోమారు. ఇక్కడికి టికెట్ అక్కర్లేదు. తెన్షు మొత్తం ఒకే చూపులో అందేది ఇక్కడే, కాబట్టి కుటుంబంతో ఫొటోలు ఇక్కడే కానిచ్చేయండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మీతో వస్తే, టికెట్ కొనకముందే వాళ్ళతో మాట్లాడుకోవాల్సిన చోటు కూడా ఇదే. లోపల లిఫ్టు లేదు. తెన్షులో మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. వీల్‌చైర్‌తో తెన్షు ఎక్కడం కుదరదు. వాళ్ళను ఈ మైదానంలో బెంచీ మీద గంటలకొద్దీ కూర్చోబెట్టే బదులు, ఒకరు తోడుండి పక్కనే ఉన్న కోకో-ఎన్ తోటకు తీసుకెళ్తే వాళ్ళకూ రోజు బాగుంటుంది. ఆ తోట సంగతి తర్వాత చెబుతాను.

2026 మార్చి నుంచి టికెట్ ధర మారింది. హిమేజీ నగరవాసులు కానివాళ్ళకు 18 ఏళ్ళు దాటితే 2500 యెన్లు. 18 లోపు పిల్లలకు ఉచితం. అంతకుముందు పెద్దలకు 1000 ఉండేది, కాబట్టి పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోకండి. పెంపు ఎక్కువే అనిపించవచ్చు. కానీ చెక్క, సున్నం, పెంకులతో ఉన్న 82 రక్షిత కట్టడాల ఆవరణ ఇది, మరమ్మతు అన్నది ఇక్కడ ఎప్పటికీ పూర్తికాని పని. ఆ ఖర్చులో నా వంతు ఇచ్చాననుకుంటాను. తోటతో కలిపి ఇచ్చే టికెట్ కూడా ఉంది, కోట టికెట్ మీద కొద్దిగా కలిపితే వస్తుంది. దాన్నే అడగండి.

లోపలికి వెళ్ళాక ఏమీ తినకూడదు. తెన్షులో టాయిలెట్లు ఉండవు. రెండు పనులూ ముందే ముగించుకోండి, ముఖ్యంగా పిల్లలుంటే.

మొదట ఎడమకు తిరగండి

టికెట్ గేటు దాటాక వచ్చే మొదటి పెద్ద ద్వారం హిషీ ద్వారం. కోటలో మిగిలిన ద్వారాలన్నిటికంటే పెద్దది, నల్ల లక్క, బంగారు రంగు అలంకారంతో గంట ఆకారపు కిటికీలున్నది. దీని లోపలే కర్నల్ నకామురా గుర్తుగా నిలిపిన రాతి స్మారకం ఉంది. దాదాపు అందరూ చూడకుండానే దాటిపోతారు. ఒక్క నిమిషం ఆగండి, ఆయన లేకపోతే మనకు ఈ కోట దక్కేది కాదేమో.

ఇక్కడి నుంచి జనమంతా తెన్షు వైపు తిన్నగా వెళ్తారు. మీరు ఎడమకు తిరిగి నిషినోమారు అనే పడమటి ఆవరణలోకి ఎక్కండి. పొద్దున్నే ఇక్కడ ఎవరూ ఉండరు. తెన్షు ఎక్కి దిగాక కాళ్ళు లాగుతుంటాయి, ఇక అప్పుడు దీన్ని వదిలేస్తారు. అందుకే ముందు ఇది.

ఈ ఆవరణ అంచున కొండవాలు మీద సుమారు 240 మీటర్ల పొడవున ఒక చెక్క వసారా సాగుతుంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి. ఒక వైపు పరిచారికలు ఉండిన చిన్న చిన్న గదులు, మరో వైపు కిటికీలు. చివర ఉండేది సెన్‌హిమే విశ్రాంతి తీసుకునే బురుజు. ఆమె ఇయెయాసు మనవరాలు. పసితనంలోనే, 1603లో, ఆమెను హిదెయోషి కొడుకు హిదెయోరికి ఇచ్చి పెళ్ళి చేశారు. 1615లో తాతగారి సైన్యమే ఒసాకా కోటను ముట్టడించింది, భర్త అక్కడే చనిపోయాడు. తర్వాత హోందా తదతొకిని పెళ్ళాడి హిమేజీకి వచ్చింది. ఆమెతో వచ్చిన కట్నపు రాబడితో ఈ భాగం కట్టారు. 1626లో రెండో భర్త కూడా పోయాడు. ఆమె ఎదోకు (ఇప్పటి టోక్యో) తిరిగి వెళ్ళి సన్యాసం తీసుకుంది. బురుజు లోపల ఆమె గవ్వచిప్పల ఆట ఆడుతున్నట్టు బొమ్మలు పెట్టారు. నన్నడిగితే బొమ్మల కంటే వసారాయే బాగా చెబుతుంది ఆ కాలం సంగతి: ఇంత పొడవునా తలుపులే, ఒక్కో దశలో వాటిని మూసేసి కాపలా పెట్టేవాళ్ళు.

ఈ ఆవరణలోంచి తెన్షు పక్క నుంచి కనిపిస్తుంది. ఇక్కడి నుంచి చూస్తే అది ఒక్క భవనం కాదని తెలుస్తుంది: ఒక పెద్ద తెన్షు, మూడు చిన్న తెన్షులు, వాటిని కలిపే వంతెన గదులు.

శత్రువులా నడవండి

ఇప్పుడు వెనక్కి దిగి తెన్షు దారి పట్టండి. ద్వారాలకు జపాన్ పాత అక్షర వరుసలో పేర్లు పెట్టారు: ఇ, రో, హ, ని, హో. పేర్లు గుర్తుండకపోయినా పర్లేదు. ఒక్కటి మాత్రం చేయండి: చేతిలో కత్తి, వీపున బరువు ఉన్న సైనికుడిగా మిమ్మల్ని మీరు ఊహించుకుని ప్రతి మలుపు దగ్గరా ఆగి తలెత్తి చూడండి. ఎక్కడ నిలబడినా మీ మీదికి గురిపెట్టగల రంధ్రాలు గోడల్లో కనిపిస్తాయి. గుండ్రం, త్రికోణం, చతురస్రం ఆకారాల్లో ఉన్నవి తుపాకులకు. నిలువుగా పొడవుగా ఉన్నవి బాణాలకు. లోపలి వైపు వెడల్పు, బయటి వైపు ఇరుకు: లోపలున్నవాడు అటూ ఇటూ గురి మార్చుకోగలడు, బయటి నుంచి కొట్టేవాడికి ఆ సందు దొరకదు. ఈ కోటలో ఇప్పటికీ దాదాపు వెయ్యి రంధ్రాలు మిగిలాయి.

తెన్షు ఎదురుగానే ఉన్నట్టుంటుంది, కానీ దారి దానికి వీపు చూపిస్తూ తిరుగుతుంది. ఒక ద్వారం దాటితే విశాలంగా ఉంటుంది, తర్వాతిది తల వంచితే గానీ పట్టదు. హో ద్వారం ఇనుప రేకులు తాపడం చేసిన చిన్న తలుపు, ఒకేసారి ఎక్కువమంది దూరలేరు. దాన్ని దాటాక దారి పైకి ఎక్కాల్సింది పోయి కిందికి దిగుతుంది. తప్పుదారి పట్టానేమో అని ఎవరికైనా అనుమానం వస్తుంది. సరిగ్గా ఆ అనుమానం కోసమే అలా కట్టారు. గుంపుగా వచ్చిన సైన్యం ఇక్కడ ఆగి తటపటాయిస్తే, పై నుంచి కొట్టేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

ఈ దారిలోనే వెతుక్కోవాల్సినవి మరికొన్ని. పిల్లలకు ఆటలా అప్పజెప్పండి, వాళ్ళే మీకంటే ముందు పట్టేస్తారు. పెంకుల చివర గుండ్రటి బిళ్ళల మీద సీతాకోకచిలుక ముద్ర ఉంటే అది ఇకేదా వంశం గుర్తు. ఒక్కో వంశం మరమ్మతు చేయించినప్పుడల్లా తన ముద్ర వేసుకుంది, కాబట్టి పైకప్పే ఇక్కడ పాలకుల జాబితా. ని ద్వారం పైకప్పు మీద శిలువ గుర్తున్న పెంకు ఒకటి ఉంది. హో ద్వారం దగ్గర తెల్లగా కాక మట్టిరంగులో ఉన్న గోడ ముక్క ఒకటి కనిపిస్తుంది. దాన్ని నూనె గోడ అంటారు. మిగతా కోటంతా సున్నం పూస్తే ఇది మాత్రం ఒత్తిన మట్టి. చిన్న తెన్షు కింది రాతిగోడలో ఇనుప వల కప్పిన రాయి ఒకటి ఉంది. హిదెయోషికి రాళ్ళు చాలడం లేదని విని ఒక పేద ముసలమ్మ తన తిరగలి రాయిని ఇచ్చిందని, ఆ వార్త పాకి ఊరూరి నుంచి రాళ్ళు వచ్చాయని కథ. కథ సంగతి ఎలా ఉన్నా, రాళ్ళ కొరత మాత్రం నిజమే. పాత రాతి శవపేటికలు, రాతి దీపస్తంభాల ముక్కలు కూడా ఈ గోడల్లో కలిసిపోయి ఉన్నాయి.

గోడ తెల్లదనం గురించి కూడా చెప్పాలి. షిక్కుయి అనే ఈ పూతలో తడిపిన సున్నం, జనపనార లాంటి పీచు, సముద్రపు నాచును ఉడికించి తీసిన జిగురు కలుపుతారు. మన దగ్గర కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి నూరిన డంగు సున్నం చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. చెక్క కోటకు నిప్పే పెద్ద శత్రువు కాబట్టి గోడలతో పాటు చూరు కింది చెక్కను కూడా ఈ పూతతో కప్పేశారు. పెంకుల మధ్య అతుకుల మీద కూడా ఇదే పూస్తారు. అందుకే దూరం నుంచి పైకప్పు కూడా తెల్లగా మెరుస్తుంది. 2015లో కొత్త పూతతో తెరిచినప్పుడు మరీ తెల్లగా ఉందని జనం అనుకున్నారు. కాలం గడిచేకొద్దీ బూజు పట్టి ఆ తెలుపు మళ్ళీ తగ్గుతూ వస్తుంది.

తెన్షు లోపల

నేలమాళిగలోంచి లోపలికి వెళ్తారు. చెప్పులు విప్పి, అక్కడిచ్చే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని చేత్తో మోయాలి. అంటే ఒక చెయ్యి చెప్పులకు, ఇంకో చెయ్యి మెట్ల కడ్డీకి. కెమెరా మెడలో వేసుకోండి, ఫోను జేబులో పెట్టేయండి. చీర, పొడవాటి లంగా, అంచులు కింద పడే దుపట్టా ఈ మెట్ల మీద ప్రమాదం; ఆ రోజుకు ప్యాంటో, చుడీదారో వేసుకోండి. నున్నటి సాక్సులు జారతాయి. చంటిపిల్లలుంటే స్ట్రాలర్ పనికిరాదు, ఒంటికి కట్టుకునే బెల్టు సంచి తెచ్చుకోండి.

బయటి నుంచి ఐదంతస్తులు కనిపించినా లోపల నేలమాళిగతో కలిపి ఏడు. భవనం ఎత్తు 31.5 మీటర్లు, దాని కింద రాతి పునాది దాదాపు 15 మీటర్లు. గదుల్లో సామాను ఏమీ ఉండదు. చాలామంది "లోపల ఏమీ లేదు" అని నిరాశపడేది ఇందుకే. ఇది రాజు కాపురమున్న భవనం కాదు. ముట్టడి వస్తే చివరిగా నిలబడే చోటు. అలా చూస్తే ప్రతి మూలా ఏదో చెబుతుంది. నేలమాళిగలో మరుగుదొడ్లు, నీళ్ళు పారే తొట్టి సిద్ధంగా ఉంచారు. కింది అంతస్తుల గోడల నిండా తుపాకులు, ఈటెలు తగిలించే కొయ్యలు. మూలల్లో సైనికులు దాక్కునే చిన్న అరలు. నాలుగో అంతస్తులో కిటికీలు మరీ ఎత్తున ఉంటాయి, వాటిని అందుకోవడానికి కింద వేదికలు కట్టారు.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సినవి రెండు స్తంభాలు, తూర్పుది, పడమటిది. ఒక్కోటి 24.6 మీటర్ల ఎత్తు, అడుగున దాదాపు 95 సెంటీమీటర్ల మందం. నేలమాళిగ నుంచి పై అంతస్తు నేల దాకా భవనాన్ని మోసేవి ఇవే. తూర్పు స్తంభం మొదట్నుంచీ ఉన్నదే. పడమటిది లోపల కుళ్ళిపోయిందని విప్పినప్పుడు తేలింది. అంత పెద్ద హినోకి (జపాన్ సైప్రస్) చెట్టు కోసం అడవులు గాలించి కిసో కొండల్లో ఒకదాన్ని కొడితే, తెచ్చేటప్పుడు విరిగిపోయింది. చివరికి రెండు చెట్లను అతికి నిలబెట్టారు. మూడో అంతస్తులో ఆ అతుకు ఉంటుంది. అక్కడ ఆగండి. గుంపు మిమ్మల్ని దాటి పైకి పోతూనే ఉంటుంది, పోనివ్వండి. 1609 నాటి చెక్క ఒక వైపు, ఇరవయ్యో శతాబ్దపు వడ్రంగుల అతుకు ఒక వైపు, రెండూ ఒకే కప్పును మోస్తున్నాయి. మీరిచ్చిన టికెట్ డబ్బుకు ఈ కోటలో ఇంతకంటే విలువైన దృశ్యం లేదు.

పైన ఆరో అంతస్తులో ఒసాకబే గుడి ఉంది. ఈ గుట్ట మీద కోట కంటే ముందే ఉన్న దేవత అంటారు. దక్షిణం కిటికీలోంచి మీరు నడిచొచ్చిన రోడ్డు స్టేషన్ దాకా గీత గీసినట్టు కనిపిస్తుంది. దిగే మెట్లు వేరే వైపు. ఎక్కడం కంటే దిగడమే కష్టం, కాబట్టి వెనక ఎవరో తొందరపడుతున్నారని టెన్షన్ పడకండి. పక్కకు జరిగి దారివ్వండి.

బయటికి వచ్చాక

తెన్షు నుంచి బయటపడేది బిజెన్‌మారు అనే ఖాళీ ఆవరణలోకి. ఒకప్పుడు ఇక్కడ పాలకుడి నివాసం ఉండేది, 1882లో కాలిపోయింది. తెన్షును మెడ నొప్పి పుట్టేలా కింది నుంచి చూడగలిగేది ఇక్కడే. పునాది మూలల్లో పొడవాటి రాళ్ళను ఒకసారి ఇటు, ఒకసారి అటు మార్చి మార్చి పేర్చిన తీరు గమనించండి. గోడ పైకి వెళ్ళేకొద్దీ విసనకర్ర అంచులా వంపు తిరిగి నిటారు అవుతుంది.

ఇంకా కిందికి దిగితే కమ్మీలు బిగించిన ఒక బావి. ఒకికు అనే పనిపిల్ల మీద పది పళ్ళేల్లో ఒకటి పోగొట్టిందన్న నింద వేసి చంపి ఇందులో పడేశారని, రాత్రిళ్ళు ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టే గొంతు వినబడేదని కథ. జపాన్‌లో ఈ కథ తెలియనివాళ్ళు తక్కువ.

కోకో-ఎన్ తోట

కోట గేటు బయటికి వచ్చి పడమర వైపు కొద్దిగా నడిస్తే కోకో-ఎన్. సమురాయ్‌ల ఇళ్ళు ఉండిన స్థలంలో తవ్వకాలు జరిపి, ఆ ఇళ్ళ హద్దుల ప్రకారం గోడలు, సందులు కట్టి 1992లో తెరిచిన తోట ఇది. తొమ్మిది తోటలు, ఒక్కోటి ఒక్కో తీరు: ఒకటి వెదురు, ఒకటి పైన్, ఒకటి పూలు. అన్నిట్లోకి పెద్దదాంట్లో జలపాతం, చెరువు, రంగురంగుల కార్ప్ చేపలు. దారి చాలావరకు చదును కాబట్టి పెద్దవాళ్ళకు హాయి. టీ గదిలో కొంత రుసుము తీసుకుని మచ్చా (పొడి చేసిన గ్రీన్ టీ), దాంతో ఒక తీపి ముక్క ఇస్తారు. తీపి ముందు తినేసి తర్వాత చేదు మచ్చా తాగాలి. తెన్షు మెట్లు ఎక్కి దిగిన కాళ్ళకు చాప మీద ఆ పావుగంట చాలా అవసరం. తోటకు ఒక గంటైనా పెట్టుకోండి. ఇది కూడా సాయంత్రం 5కే మూస్తారు.

తిండి

మాంసాహారులకు ఇబ్బంది లేదు. అనాగో అనే సముద్రపు పాము చేపను కాల్చి అన్నం మీద వేసి ఇస్తారు, ఇక్కడ అదే ప్రసిద్ధి. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. ఉదోన్, సోబా నూడుల్స్‌లో ముక్క కనిపించకపోయినా ఆ పులుసు చేప తరుగుతో కాచిందే. ముక్కల్ని పులుసులో ఉడికించి అల్లం సోయా సాస్‌తో ఇచ్చే హిమేజీ ఓదెన్ కూడా అంతే. "నికు" (మాంసం) లేదు అన్నా చేప ఉండొచ్చు, అందుకే "సకానా" (చేప), "దాషి" (ఆ పులుసు) రెండూ విడిగా అడగండి. తేలికైన దారి: బజారులోని కాఫీ హోటళ్ళలో దొరికే బాదం వెన్న టోస్టు. అది హిమేజీ ప్రత్యేకత. లేదంటే కన్వీనియన్స్ స్టోర్లో ఉమే (ఊరబెట్టిన పుల్లటి పండు) పచ్చడి పెట్టిన ఓనిగిరి (అన్నం ముద్ద). పొడి, ఊరగాయ సంచిలో ఉంటే ఉత్త ఉప్పు ఓనిగిరితో కడుపు నిండిపోతుంది. సన్నోమారు పచ్చిక మీద కూర్చుని తినొచ్చు, చెత్త మాత్రం మీతోనే తీసుకెళ్ళాలి. చెత్తబుట్టలు వెతికినా దొరకవు.

ఇదంతా తీరిగ్గా చేస్తే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2, 3 దాకా పడుతుంది. ఇంకా ఓపిక ఉంటే కోట వెనక ఎర్ర ఇటుకల నగర కళా మ్యూజియం ఉంది, పాత సైనిక గోదాము అది. షోషా కొండ మీది ఎంగ్యో-జి గుడి కూడా చూడదగ్గదే, కానీ స్టేషన్ నుంచి బస్సు, ఆ తర్వాత రోప్‌వే ఎక్కాలి. అదే రోజు కుదించి చూసే బదులు హిమేజీలో ఒక రాత్రి ఉండి మర్నాడు పొద్దున వెళ్ళండి. ఉంటే దీపాల వెలుగులో కోట కూడా చూడొచ్చు.

తిరుగు రైలుకు తొందరేమీ లేదు, ఒసాకా వైపు షింకైసొకులు రోజంతా గంటకు కొన్ని చొప్పున ఉంటాయి. వాటిలో చాలావరకు హిమేజీలోనే బయల్దేరతాయి. ప్లాట్‌ఫాం మీద గీతల దగ్గర వరుసలో ముందు నిలబడితే సీటు దొరుకుతుంది, ఎక్కడో మధ్యలో ఎక్కినవాళ్ళకు ఆ అవకాశం ఉండదు. లాకర్లోంచి సామాను తీసుకోవడం మరిచిపోకండి.